పరిశోధన కేంద్రంలో నాలుగు విధానాలు: ముందు పరికరాల బుకింగ్ రిజిస్టరు తెరవండి

సుస్థిరత, సమాన అవకాశాలు, డిజిటలీకరణ, నాణ్యత అనే నాలుగు అంశాల మీద మీ పరిశోధన కేంద్రానికి విధాన పత్రం రాసే పని మీకు అప్పగించారని, అది ఉన్నత విద్యా సంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్ బృందానికి చూపించడానికి తప్ప ఇంకెందుకైనా పనికొస్తుందా, పనికొచ్చేలా రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉమ్మడి పరికరాల విభాగం బాధ్యతను పదకొండేళ్లు చూశాను. ఇలాంటి పత్రాలు రెండుసార్లు నా చేతుల మీదుగానే తయారయ్యాయి. మొదటిసారి రాసినవి బీరువా దాటి బయటికి రాలేదు, రెండోసారి రాసినవి మాత్రం ప్రయోగశాలలో మనుషులు పనిచేసే తీరును మార్చాయి.

మొదటిసారి మేము నాలుగు అంశాలకు నాలుగు ఉపసంఘాలు వేశాం. నాక్ ఏడో ప్రమాణంలో స్త్రీ పురుష సమానత్వం, పర్యావరణం, దివ్యాంగులకు సౌకర్యాలు అన్నీ ఉండేవి కాబట్టి, ఒక్కో సంఘం తన శీర్షిక కింద చక్కని వాక్యాలు రాసి, ఫోటోలు జతచేసి ఊరుకుంది. రెండోసారి పత్రం జోలికి వెళ్లకుండా, హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి పెట్టిన బుకింగ్ రిజిస్టరు తీసి మూడు నెలల పేజీలు వరసగా చదివాం. ఒక ద్రావణంలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో విడదీసి చూపే ఆ యంత్రం కోసం మా దగ్గర ఎప్పుడూ పోటీయే.

రిజిస్టరులో పేర్లు పెన్సిలుతో రాసి ఉన్నాయి, చాలా చోట్ల చెరిపి వాటి మీదే వేరే పేర్లు రాశారు. ఉదయం వేళలన్నీ ఇద్దరు సీనియర్ ఆచార్యుల విద్యార్థులవే. అనుబంధ కళాశాలల నుంచి బస్సులో వచ్చేవారికి, కొత్తగా చేరిన అమ్మాయిలకు సాయంత్రం ఆరు దాటాక మిగిలిన సమయమే దక్కేది. మా మహిళా వసతిగృహం గేటు ఎనిమిదింటికి మూసేవారు. ఆ యంత్రంలో ద్రావణి పోసి, కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) స్థిరపడే వరకు ఆగడానికే గంట పడుతుంది, ఆపైన ఒక్కో నమూనాకు ఇరవై నిమిషాలు. ఆరు నమూనాలు తెచ్చుకున్న అమ్మాయి మూడింటితో ఆపేసి, మర్నాడు మళ్లీ మొదటి నుంచి కాలమ్ కడిగి, అసిటోనైట్రైల్ అనే ఖరీదైన ద్రావణిని మళ్లీ పారబోసి, మిగిలిన మూడూ నడిపేది. మొదటి రోజు ఫలితాలకు, రెండో రోజు ఫలితాలకు పొంతన కుదిరేది కాదు. సమాన అవకాశం, రసాయన వ్యర్థాలు, కొలతల నాణ్యత అని మేము విడివిడి ఫైళ్లలో రాసుకున్నవన్నీ ఆ ఒక్క పేజీలోనే కనిపించాయి.

అందుకని బుకింగును అందరికీ కనిపించే ఆన్‌లైన్ పట్టికలోకి మార్చాం. సోమవారం ఉదయం పది గంటలకు ఆ వారం సమయాలన్నీ అందరికీ ఒకేసారి తెరుచుకుంటాయి, ఒకరికి వారానికి రెండు ఉదయాలకు మించి దొరకవు, ఒకే పద్ధతిలో నడిచే నమూనాలున్నవారు కలిసి ఒకే రోజు తీసుకోవాలి. కొందరు గైడ్‌లకు కోపం వచ్చింది, ఆ మాట దాచను. నియమం మీద డైరెక్టరు సంతకం ఉండబట్టే అది నిలబడింది.

అయితే డిజిటల్ చేసినంత మాత్రాన అందరికీ అందుతుందనుకోకండి. మా దగ్గర గణాంక విశ్లేషణ చేసే ఒక పరిశోధక విద్యార్థికి చూపు లేదు, ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో తెర మీది అక్షరాలను వింటూ పనిచేసేవాడు. మా కార్యాలయం తెలుగు ప్రకటనలన్నీ అను ఫాంట్లలో టైపు చేసి పీడీఎఫ్‌గా పంపేది. కంటికి తెలుగుగానే కనిపించే ఆ అక్షరాలు లోపల యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఉమ్మడి అక్షర సంకేతాలు) కావు కాబట్టి అతనికి అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే వినిపించేవి. ఒకసారి అర్ధ సంవత్సర ప్రగతి సమీక్ష తేదీ తెలియక సమీక్షకే రాలేకపోయాడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలంటుంది, సీటు ఇచ్చిన మేమే ప్రకటన చదువుకునే వీలు లేకుండా చేశాం. యూనికోడ్‌లో టైపు చేయడం మా గుమస్తాకు అలవాటు కావడానికి రెండు వారాలకు మించి పట్టలేదు. ఆ పని ఐదేళ్ల ముందే చేయలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

విద్యుత్తు విషయంలో సౌర ఫలకాల కంటే ముందు నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ల తలుపులు తీసి చూడండి. పాతదైతే ఒక్కొక్కటి రోజుకు పదిహేను, ఇరవై యూనిట్లు తినేస్తుంది. మా మూడింటిలో మంచు గోకితే బయటపడిన పెట్టెల్లో చాలావరకు ఎప్పుడో పట్టా తీసుకుని వెళ్లిపోయినవారివి, ఆల్కహాలు తగిలి పేర్లు చెరిగిపోయిన గొట్టాలు. నెల రోజులు గడువిచ్చి, ఎవరివో తేలని వాటిని నిబంధనల ప్రకారం ఆటోక్లేవ్ చేయించి (అధిక పీడనపు ఆవిరితో క్రిములు చంపించి) పారవేశాం. దాంతో ఒక ఫ్రీజరు పూర్తిగా ఆపేయగలిగాం. రెండోదాన్ని మైనస్ 70కి మార్చాం, ఆ పది డిగ్రీల తేడాతోనే వాడకం సుమారు 30 శాతం తగ్గుతుంది. తేలిగ్గా చెడిపోయే ఆర్‌ఎన్‌ఏ నమూనాలున్నవారు ఒప్పుకోలేదు కాబట్టి మూడోదాన్ని ముట్టుకోలేదు. ఏ అరలో ఎవరి పెట్టె ఉందో పట్టిక వేశాక, ఏళ్లనాటి నమూనాను మళ్లీ పరీక్షించాల్సి వస్తే అది ఎక్కడుందో వెంటనే తెలుస్తోంది.

త్రాసుల క్రమాంకన (కొలత సరిచూసే) గడువులు, ముడి డేటాను పెన్‌డ్రైవుల్లో కాకుండా సర్వరులో దాచడం వంటివి మీకు తెలిసే ఉంటాయి. సెలవుల గురించి మాత్రం తప్పక రాయండి. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు మహిళా విద్యార్థులకు మొత్తం పరిశోధన కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుకు వీలు కల్పించాయి. కానీ సెలవులో ఉన్నవారి కణాల కల్చర్లకు (ప్రయోగశాలలో పెంచే కణాలకు) ఎవరు మీడియం, అంటే పోషక ద్రవం, మార్చాలో అక్కడ ఉండదు. మా దగ్గర ఒకామె తిరిగి వచ్చేసరికి రెండేళ్లుగా పెంచుకున్న కల్చర్లన్నీ చనిపోయి ఉన్నాయి, ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, ఎందుకంటే అది ఎవరి పనీ కాదు. అందుకే సెలవు దరఖాస్తులోనే ఆ బాధ్యత తీసుకునే వ్యక్తి పేరు, సంతకం ఉండాలని మా రెండో పత్రంలో రాశాం.

పత్రం మీద చర్చకు ఆచార్యులతో పాటు ప్రయోగశాల అటెండర్లను, సాంకేతిక సిబ్బందిని కూడా పిలిచి కూర్చోబెట్టండి. రాత్రిళ్లు ఏ యంత్రం ఊరికే నడుస్తోందో, రిజిస్టరులో ఎవరి పేరు ఎవరు చెరుపుతున్నారో మా డైరెక్టరు కంటే మా అటెండరుకే ముందు తెలుసు.