ఇరుగుడు, ఎర్రచందనం, సిస్సూ: మూడూ రోజ్‌వుడ్డేనా?

విజయనగరంలో మంచం కొనబోతే దుకాణంలో "అసలు రోజ్‌వుడ్" అన్నారని, అది ఎర్రచందనమేనా అని ఒకరు అడిగారు. కాదండీ. రెండూ చిక్కుడు కుటుంబానివే, ప్రజాతులు (కుటుంబంలోని చిన్న వర్గాలు) వేరు. ఎర్రచందనం టెరోకార్పస్ ప్రజాతిది. అది సహజంగా పెరిగేది కడప, తిరుపతి వైపు కొండల్లో. మన దేశంలో రోజ్‌వుడ్ అంటే ముఖ్యంగా డాల్బెర్జియా లాటిఫోలియా, తెలుగులో ఇరుగుడు, జిట్రేగి. సిస్సూ దీని దగ్గర చుట్టం, అదీ డాల్బెర్జియానే. కానీ దాని చేవ (కాండం లోపలి గట్టి కలప) బంగారు గోధుమ నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉంటుంది.

ఇరుగుడు హిమాలయాల దిగువ నుంచి మధ్య భారతం, తూర్పు, పడమటి కనుమల దాకా ఉంది. బాగా పెరిగేది పడమటి కనుమల తడి అడవుల్లో. జావాలోనూ పెంచుతారు.

ఇక చెక్క. చిత్రిక పట్టి చూడండి: ఊదా కలిసిన ముదురు గోధుమ రంగు, మధ్యలో నల్లటి చారలు, తీయటి వాసన. ఆ వాసన వల్లే గులాబీ పేరొచ్చింది. బరువు ఎక్కువ, చెద అంత తేలిగ్గా ముట్టదు. మంచాలు, వినీర్ (పైన అంటించే పలచటి చెక్క పొర), గిటార్ల వెనక పలకలు, చెక్కలో వేరే రంగు ముక్కలు అమర్చే మైసూరు పొదుగుడు పని, అన్నిటికీ ఇదే కావాలి. మన బొబ్బిలి వీణ మాత్రం పనస కర్రతో చేస్తారు, చాలామంది పొరబడతారు.

ఇంత గిరాకీ వల్లే అడవిలో బాగా తగ్గిపోయింది. 2017 నుంచి డాల్బెర్జియా ప్రజాతి దాదాపు మొత్తం సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. అందుకే కొనేముందు కలప ఎక్కడిదో చెప్పే బిల్లు, అటవీశాఖ పర్మిట్ తప్పక అడగండి.