ఒక్క సిట్టింగ్ హిప్నోథెరపీతో మనసులో బాధ శాశ్వతంగా పోతుందా? నా అనుభవం

మీ ప్రశ్న చదివాను. మూడేళ్ల కిందట బండి ప్రమాదంలో స్నేహితుడు పోయాడని, అప్పటినుంచి బండి ముట్టుకోలేకపోతున్నానని, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నానని రాశారు. ఒక్క సిట్టింగ్‌లో హిప్నోథెరపీ చేసి ఆ బాధని మూలంతో సహా తీసేస్తానని ఒకాయన అన్నారని, ఇరవై వేలు అడుగుతున్నారని, కట్టమంటారా అని అడిగారు. అందులో "బండి నేనే నడిపాను" అన్న మాట రెండుసార్లు రాశారు. రెండోసారి ఆ మాట చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

ఆయనకి కట్టకండి. అలాగని హిప్నోథెరపీయే, అంటే ధ్యాస ఒకచోట నిలిపి ఆ స్థితిలో సూచనలిచ్చి చేసే చికిత్సే, వద్దని అనను. దానివల్ల తేరుకున్నదాన్ని నేను. అయితే అది నాకు ఎలా పనిచేసిందో చెబితే, ఆయన చెప్పేదానికీ దానికీ ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది.

నాది 2017 జూన్ నాటి సంగతి. అమ్మా నాన్నా రావులపాలెంలో, మేం విజయవాడలో. మా వారు ఆఫీసు పనిమీద విశాఖ వెళ్లారు. ఆ రాత్రి పాపకి జ్వరం. రెండేళ్ల పిల్ల, సాయంత్రం నుంచి ఏడ్చి ఏడ్చి పదింటికి కళ్లు మూసింది. చప్పుడుకి లేస్తుందేమోనని ఫోన్ సైలెంట్‌లో పెట్టి పక్కనే పడుకున్నాను. తెల్లవారుజామున అయిదింటికి చూస్తే అమ్మ నుంచి ఏడు మిస్డ్ కాల్స్, తమ్ముడి నుంచి నాలుగు. మొదటిది 11.40కి. నాన్నకి గుండెనొప్పి వచ్చింది. రాజమండ్రి తీసుకెళ్తుంటే దారిలోనే పోయారు. మధ్యలో ఒకసారి "అమ్మాయి ఫోన్ ఎత్తిందా?" అని అడిగారట.

ఆ తరవాత ఎవరి ఫోన్ మోగినా నా కడుపులో ఏదో జారిపోయేది. ఎత్తాలంటే భయం, ఎత్తకపోతే ఇంకా భయం. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఒకరోజు కౌంటర్లో ఐదొందల కట్ట లెక్కపెడుతుంటే క్యూలో ఎవరిదో ఫోన్ మోగింది. నాది కూడా అదే రింగ్‌టోన్. అరవై దాకా వచ్చిన లెక్క పోయింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ పోయింది. మూడోసారి పక్క సీటు ఆవిడ ఏమీ అనకుండా కట్ట నా చేతిలోంచి తీసుకుని మిషన్లో పెట్టింది. నా వేళ్ల చెమటకి పై నోటు తడిసిపోయి ఉంది.

రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాను. థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ అన్నీ అయ్యాయి, ఏమీ లేదన్నారు. అప్పుడు తెలిసినవాళ్లు చెబితే, మీకు దొరికినలాంటి మనిషి దగ్గరికే నేనూ వెళ్లాను. పదిహేను వేలు. ఒక్క మధ్యాహ్నం పని అన్నారు. పడుకోబెట్టి వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లమని, చివరికి గత జన్మకి తీసుకెళ్లారు. "నీళ్ల దగ్గర ఉన్నావు కదా, ఎవరో నిన్ను పిలుస్తున్నారు కదా" అని ఆయనే అందించారు. పిలుస్తుంటే పలకని మనిషిగా నన్ను నేనే చూసుకున్నాను. బయటికొచ్చాక రెండు రోజులు తేలిగ్గానే ఉంది. తరవాత నెలపాటు ఆ నీళ్లు, ఆ కేక, నిజంగా జరిగినట్టే కళ్లముందు తిరిగాయి. ఈ జన్మ అపరాధమే మొయ్యలేకపోతుంటే ఇంకో జన్మది నెత్తిన పెట్టి పంపారు.

అది ఎందుకలా అయిందో తరవాత తెలుసుకున్నాను. హిప్నాసిస్‌లో ఉన్నప్పుడు ఊహ బలంగా ఉంటుంది, చెప్పిన సూచన లోపలికి సులువుగా దిగుతుంది. మందులా పనిచేసేదీ అదే, హాని చేసేదీ అదే. అడిగేవాళ్ల మాటే మన జ్ఞాపకంగా మారిపోగలదు. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాల కోర్టులు హిప్నాసిస్‌లో గుర్తొచ్చిన సాక్ష్యాన్ని తోసిపుచ్చడమో, గట్టిగా కట్టడి చేయడమో చేశాయి. "మీ చిన్నప్పటి మూలకారణం బయటికి లాగుతాను" అని ఎవరైనా అంటే మీరు లేచి వచ్చేయండి.

చివరికి ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆయన నిద్రకి, ఆందోళనకి చిన్న డోసు మాత్ర రాసి, క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆవిడ మామూలు కౌన్సెలింగ్‌తో పాటు అవసరమైనచోట హిప్నాసిస్ కూడా వాడతారు. మొత్తం తొమ్మిది సిట్టింగులు, 2019 చివర్లో మొదలై 2020 ఫిబ్రవరికి అయిపోయాయి.

మొదటి రెండు సిట్టింగుల్లో హిప్నాసిస్ ఊసే లేదు. ఏం జరిగింది, ఇంట్లో ఎవరున్నారు, చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా, ఎప్పుడైనా లేని మాటలు వినిపించాయా, ఇవే అడిగారు. హిప్నాసిస్ అంటే ఏమనుకుంటున్నారు అని కూడా అడిగారు. మా తరం వాళ్లకి హిప్నోటిజం అంటే బి.వి. పట్టాభిరామ్ గారిలాంటి వాళ్ల స్టేజీ ప్రదర్శనలే. నేనూ అదే చెప్పాను, మీరు చిటికేస్తే నిద్రపోతానేమో, ఇంట్లో గుట్టంతా చెప్పేస్తానేమో అన్నాను. నిద్ర కాదు, అన్నీ వినిపిస్తూనే ఉంటాయి, మీకు ఇష్టం లేకపోతే కళ్లు తెరిచి లేచిపోవచ్చు అన్నారు.

అలాగే ఉంది కూడా. ఎదురుగా గోడమీద స్విచ్ బోర్డు, దాని పై మూల స్క్రూ మీద చూపు నిలపమన్నారు. కాసేపటికి రెప్పలు బరువెక్కాయి, మూసుకున్నాను. మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమంటే నాకు మా ఊరి గోదావరి రేవు వచ్చింది. పదో మెట్టు దగ్గర నీళ్లు పాదాలకి తగిలిన చల్లదనం నిజంగా తెలిసింది. పక్క ఫ్లాట్‌లో కుక్కర్ మూడు విజిల్స్ వేయడం విన్నాను. వినపడుతోంది, నాకు పట్టడం లేదు, అంతే. కుడి చెయ్యి తేలికవుతోందని ఆవిడ అంటుంటే అది ఒడిలోంచి దానంతటదే లేచింది. నేను లేపలేదని నాకు తెలుసు. రెండేళ్లుగా నా ఒంటిమీద భయానికే అధికారం. వేరే మాటకి కూడా ఈ ఒళ్లు లోబడుతుందని మొదటిసారి ఆ చెయ్యి చూపించింది.

అయిదో సిట్టింగ్ నాకు ముఖ్యం. ఆ రాత్రి గదిని గుమ్మం దగ్గర నిలబడి చూడమన్నారు, మంచం మీద మనిషిగా కాదు. చూశాను. మంచం మీద ఒక అమ్మాయి, పక్కన పిల్ల, పిల్ల నుదుటిమీద తడిగుడ్డ, స్టూలు మీద జ్వరం సిరప్ సీసా, దాని పక్కన ఫోన్. "ఆ అమ్మాయి ఏం చేస్తోంది?" అని అడిగారు మేడమ్. "పిల్లని చూసుకుంటోంది" అన్నాను. ఆ ముక్క నోట్లోంచి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. పాపకి జ్వరమన్న సంగతి నేను మరిచిపోయింది కాదు. ప్రతిరోజూ తెలుసు. కానీ "నేను ఫోన్ ఎత్తలేదు" అని తీర్పు చెప్పుకున్నప్పుడల్లా దాన్ని ఒక్కసారి కూడా లెక్కలోకి తీసుకోలేదు. నాన్న ఏమంటున్నారు అని ఆవిడ అడగలేదు. నాన్నకి మీరు చెప్పాలనుకున్నది ఏమైనా ఉందా అని అడిగారు. ఉంది. చెప్పాను. అది ఇక్కడ రాయలేను.

ఇక మీరు అడిగిన "శాశ్వతం" సంగతి. ఆ రోజు ఇంటికొచ్చాక ఫోన్ మోగితే గుండె అంతే దడదడలాడింది. నేను దిగాలుపడ్డాను. మేడమ్ మాత్రం అసలు పని ఇప్పుడే మొదలవుతుందన్నారు. ఆవిడ గొంతుతో పదిహేను నిమిషాల ఆడియో రికార్డు చేసిచ్చారు, రోజూ రాత్రి తొమ్మిదింటికి వినాలి. రేవులో ఉన్నట్టు నెమ్మదించినప్పుడు బొటనవేలూ చూపుడువేలూ నొక్కిపట్టాలి. చాలాసార్లు అలా చేశాక, ఆ వేళ్లు నొక్కగానే నా ఒళ్లు కొంత నెమ్మదించేది. తరవాత తమ్ముడిని పనిలో పెట్టారు. మొదటి వారం చెప్పిన టైముకి, కొత్త రింగ్‌టోన్‌తో ఫోన్ చేయాలి. రెండో వారం పాత రింగ్‌టోన్‌తో. మూడో వారం రోజూ ఎప్పుడో ఒకప్పుడు, చెప్పకుండా. వాడు ఒక్కరోజు కూడా తప్పలేదు. "అక్కా, ఎత్తావుగా. పెట్టేస్తున్నా" అని పెట్టేసేవాడు. ట్రాన్స్‌లో, అంటే హిప్నాసిస్‌లో ఉన్న ఆ స్థితిలో, నేర్చుకున్న నెమ్మదిని అలా మెలకువలో, నిజం ఫోన్ మీద పదేపదే వాడి నాది చేసుకున్నాను. సిట్టింగ్‌లో ట్రాన్స్‌లో ఉన్నంతసేపూ భయం పట్టు కాస్త వదులవుతుంది, ఆ సందులో కొత్తది నేర్చుకోవాలి, నేర్చుకున్నది వీధిలో వాడాలి. వాడకపోతే నాలుగు రోజుల్లో పాత పట్టే బిగుస్తుందని నా అనుభవంతో చెబుతున్నాను.

ఇది నా ఒక్కదాని మాటే కాదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పీటర్ వోర్‌వెల్ అనే డాక్టరు ఏ మందుకీ లొంగని ఐబీఎస్ (కడుపునొప్పి, విరేచనాల తేడా పెట్టే పేగుల జబ్బు) రోగులకి హిప్నోథెరపీ ఇచ్చి, 1984లో ఫలితాలు ప్రచురించారు. మా పిన్నికీ అదే జబ్బు, అందుకే చదివాను. అదే చోట 204 మందిని తరవాత ఏళ్ల తరబడి గమనించి 2003లో రాశారు. మొదట్లో 71 శాతం మందికి గుణం కనిపించింది, వాళ్లలో 81 శాతం మందికి అది నిలిచింది. అది వేరే జబ్బే అయినా, హిప్నోథెరపీతో నిలిచే మార్పు సాధ్యమేనని తెలుస్తుంది. కానీ అక్కడ ఇచ్చింది ఒక్క సిట్టింగ్ కాదు, వారాల తరబడి, ఇంట్లో సాధనతో. గుణం కనిపించనివాళ్లూ ఉన్నారు. అందరూ ఒకేలా ట్రాన్స్‌లోకి వెళ్లలేరు కూడా. దాన్ని కొలవడానికి స్టాన్‌ఫర్డ్‌లో 1959లోనే ఒక స్కేలు తయారుచేశారు. చాలామంది మధ్యస్థంగా ఉంటారు, కొందరికి బాగా పడుతుంది, కొందరికి దాదాపు పట్టదు. పట్టకపోతే మీ తప్పు కాదు, వేరే చికిత్సలున్నాయి. మీలాంటి ప్రమాదం తరవాతి బాధకి ట్రామా (మనసుకి తగిలిన గట్టి దెబ్బ) మీద పనిచేసే మాటల చికిత్సలు, ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిలించే చికిత్స) లాంటివి ముందు అడగాల్సినవి. హిప్నాసిస్ వాటికి తోడుగా వస్తే మంచిది.

మళ్లీ రాలేదా అంటే వచ్చింది. 2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. కోవిడ్ రెండో వేవ్‌లో ఫోన్ మోగితే ఎవరో ఒకరు పోయిన కబురే. మావయ్య పోయారని తెలిసింది కూడా ఫోన్‌లోనే. పాత భయం పూర్తిగా తిరగబెట్టింది. వీడియో కాల్‌లో రెండు సిట్టింగులు తీసుకున్నాను, ఆడియో మళ్లీ రోజూ విన్నాను. మొదటిసారి నెలలు పట్టింది, ఈసారి మూడు వారాల్లో సర్దుకుంది. దారి తెలుసు కాబట్టి. ఇప్పటికీ రాత్రిపూట ఫోన్ మోగితే గుండె ఒక్కసారి కొట్టుకుంటుంది. కిందటి నెల రెండున్నరకి మోగింది. వేళ్లు నొక్కుకుని ఎత్తాను. "రాజు ఉన్నాడాండీ?" అన్నారు. రాంగ్ నంబరండీ అని చెప్పి, గ్లాసుడు నీళ్లు తాగి పడుకున్నాను. పడుకున్నానంటే నిద్రపోయాను.

ఇక మీ సంగతి. ముందు సైకియాట్రిస్ట్‌కి చూపించుకోండి. హైదరాబాద్ వైపు ఉంటే ఎర్రగడ్డ, విశాఖ వైపు ఉంటే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి, ఎవరేమనుకుంటారో అని సంకోచించకండి. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేవాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడగండి, అడిగితే తప్పేం లేదు, ఉన్నవాళ్లు చెబుతారు. గోడమీద హిప్నోథెరపీ సర్టిఫికెట్ ఒక్కటే చూసి నమ్మకండి, రెండు రోజుల క్లాసుకీ సర్టిఫికెట్ ఇస్తారు. లేని మాటలు వినిపించడం, అందరూ తనమీద కుట్ర చేస్తున్నారనిపించడం, మూర్ఛ లాంటివి ఉంటే సైకియాట్రిస్ట్ సరేననేదాకా హిప్నాసిస్ జోలికి వెళ్లకూడదు. వేసుకుంటున్న మాత్రలు ఎవరో చెప్పారని మానకండి.

ఇంకొకటి, ఇది దయచేసి వినండి. ఆ స్నేహితుడితోపాటు నేనూ పోయుంటే బావుండేదని ఎప్పుడైనా అనిపిస్తుంటే, అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఈ రాత్రే 14416కి చేయండి. టెలి మానస్ అంటారు, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు.

మంచి మనిషి దొరికి, మొదటి సిట్టింగ్‌లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, ఇక్కడ రెండుసార్లు రాసిన ఆ మాటే చెప్పండి. "బండి నేనే నడిపాను." చెప్పి ఆగండి. ఆ రోజు రోడ్డు మీద ఇంకా ఏమేమున్నాయో, మీరు ఇన్నాళ్లూ లెక్కలోకి తీసుకోనివి, తరవాత ఒక్కొక్కటే వస్తాయి.