జీతం ఆపేసిన కంపెనీకి రాజీనామా చేస్తే బకాయిలు పోతాయా?

పోవు, చేసిన పనికి రావలసిన జీతం యజమాని మీకు తీర్చాల్సిన బాకీ, మీరు మానేసినా వారు తొలగించినా ఆ బాకీ మాసిపోదు. చేజారే ప్రమాదం ఉన్నది తొలగింపు పరిహారం. చాలా దేశాల్లో అది యజమాని ఉద్యోగం తీసేస్తేనే దక్కుతుంది, తమంతట తాము వెళ్లిపోయేవారికి సాధారణంగా దక్కదు. ఉదాహరణకు, పదేళ్లు పనిచేసి రెండు నెలలుగా జీతం అందని ఉద్యోగి విసిగి రాజీనామా చేస్తే, ఆ రెండు నెలల జీతం అడిగే హక్కు ఉంటుంది, కానీ పదేళ్ల సర్వీసు మీద లెక్కగట్టే పరిహారం పోవచ్చు. జీతం ఎగ్గొట్టడాన్నే తొలగింపుగా పరిగణించే చట్టాలు కొన్ని చోట్ల ఉన్నాయి. కాబట్టి, మీ కోపం న్యాయమైనదే అయినా, ముందు కార్మిక శాఖనో యూనియన్‌నో న్యాయవాదినో అడగండి.

ఈలోగా బకాయి ఎంతో, ఏ నెలలదో రాసి చెల్లించమని లిఖితపూర్వకంగా కోరండి. పే స్లిప్పులు, నియామక పత్రం, హాజరు వివరాలు, ‘వచ్చే వారం వేస్తాం’ అన్న సందేశాలు మీ దగ్గర భద్రపరచుకోండి. ఉద్యోగం పోయిన రోజే ఆఫీసు మెయిల్ మూసేయవచ్చు, ఇది చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

కంపెనీ దివాలా తీస్తే ఇక పైసా రాదనుకోవడం పొరపాటు. దివాలా వేళ వేతనాలకు ప్రాధాన్యం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లోనే ఒప్పందం చేసింది. కొన్ని దేశాల్లో ఇలాంటి బకాయి జీతాల కోసమే ఉండే హామీ నిధులు కూడా కొంత మేర చెల్లిస్తాయి. అయితే క్లెయిముకు గడువు ఉంటుంది, అది దాటితే న్యాయమైన బాకీ కూడా వసూలు కాకపోవచ్చు.