రక్తం పుట్టించే కణాలను పెంచే పని: కావలి నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల సాగు చేస్తాను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్ వద్దంటోంది. రక్తం పుట్టించే మూలకణాలను ల్యాబ్‌లో పెంచే పరిశోధన చేస్తానని, బీఎస్సీ బయోటెక్నాలజీలో చేరతానని పట్టుబడుతోంది. అసలు అది ఉద్యోగమేనా? ఎన్నేళ్లు చదివించాలి?

జవాబు: ఉద్యోగమేనండీ. కాకపోతే డిగ్రీ చేతికి రాగానే దొరికేది కాదు. ముందు ఆ పని ఎలా ఉంటుందో మీరిద్దరూ తెలుసుకోవాలి. అమ్మాయి ఈ దారిలో నిలబడుతుందా లేదా అన్నది మార్కుల కన్నా దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

మన ఒంట్లో రక్తకణాలన్నీ ఎముక మజ్జలో ఉండే కొద్దిపాటి మూలకణాల నుంచే పుడతాయి. వాటిని బయటికి తీసి ఒట్టి పోషక ద్రవంలో వేస్తే చచ్చిపోతాయి, లేదంటే మామూలు రక్తకణాలుగా మారిపోతాయి. మజ్జలో వాటిని కాపాడేవి చుట్టూ ఉండే స్ట్రోమల్ కణాలు. 1977లో మాంచెస్టర్‌లో మైఖేల్ డెక్స్టర్ బృందం ఎలుక మజ్జతో ఈ ఆసరా కణాల పొరను ముందుగా సీసా అడుగున పెంచింది. దాని మీద వేసిన మూలకణాలు నెలల తరబడి నిలిచాయి. ఇప్పుడు ఎంఎస్-5, ఓపీ9 లాంటి ఎలుక కణాలను ఆసరాగా వాడుతున్నారు. అవే పెరిగి ప్లేటంతా ఆక్రమించకుండా చాలాసార్లు రేడియేషన్‌తోనో, మైటోమైసిన్ మందుతోనో ముందే వాటి విభజన ఆపేస్తారు.

మైక్రోస్కోప్ కింద చూస్తే పొర మీద ఉన్న కణాలు గుండ్రంగా మెరుస్తుంటాయి. పొర కిందికి దూరినవి నల్లగా, చదునుగా, రాళ్లు పరిచినట్టు గుంపుగా కనిపిస్తాయి. అసలు సరుకు ఎక్కువగా ఉండేది ఆ కింది గుంపుల్లోనే. మనిషి కణాల్లో నిజమైన మూలకణాలు ఎన్నో తేల్చాలంటే కనీసం ఐదు వారాలు ఆగాలి. అన్నాళ్లూ వారానికోసారి సగం ద్రవం తీసి, సగం కొత్తది పోయాలి. పండగైనా, ఆదివారమైనా తప్పదు. నాలుగో వారంలో బాక్టీరియా దూరిందంటే ద్రవం మసకబారి పసుపు రంగుకు తిరుగుతుంది, ప్లేటు పారబోయాల్సిందే. పట్టుబడికి ముందు రొయ్యలకు వైట్ స్పాట్ రోగం వచ్చిన చెరువు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి రోజు తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక అమ్మాయికి ఉందా? ఉంటే పంపండి.

ఈ రంగానికి భవిష్యత్తు ఉందని నేను గట్టిగా నమ్ముతాను. బొడ్డుతాడు రక్తంలో మూలకణాలుంటాయి కానీ పెద్దవాళ్లకు అవి చాలవు. వాటిని ల్యాబ్‌లో పెంచి ఎక్కించే ఒమిడుబిసెల్ అనే చికిత్సకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. అందులో ఆసరా కణాలు లేవు. ఎలుక కణాల మీద పెంచినవి మనిషికి ఎక్కించడం చిక్కు కాబట్టి, ఆ కణాలు చేసే మేలును మందులతో రాబట్టాలని ఇప్పుడు పెద్ద ప్రయత్నం జరుగుతోంది. మనవాళ్లు పెద్ద జబ్బంటే వెళ్లే వెల్లూరు సీఎంసీలోనే సెంటర్ ఫర్ స్టెమ్ సెల్ రీసెర్చ్ ఉంది. రోగి సొంత రక్త మూలకణాల్లోకి జన్యువును చేర్చి, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా-ఎ జబ్బుకు చేసిన చికిత్స ఫలితాలను అక్కడి బృందం 2024లో ప్రకటించింది. నెల్లూరు జిల్లా పిల్లకు ఇది అందనంత దూరమేమీ కాదు.

ఇక ఏళ్ల లెక్క. డిగ్రీ మూడు లేదా నాలుగు, ఎమ్మెస్సీ రెండు, పీహెచ్‌డీ ఐదారు. అంటే పదేళ్ల పైమాటే. అంతా మీరే పెట్టాలని టెన్షన్ పడొద్దు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీకి కొన్ని యూనివర్సిటీల్లో గ్యాట్-బి, ఐఐటీలకైతే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పీహెచ్‌డీ వద్దనుకుంటే ఎమ్మెస్సీతో సెల్ థెరపీ తయారీ, క్వాలిటీ ల్యాబుల్లో చేరవచ్చు. రోగి రక్తంలోని కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే మన దేశపు తొలి కార్-టి చికిత్సకు 2023లో అనుమతి వచ్చాక ఆ పని తెలిసినవాళ్ల అవసరం పెరిగింది. మూడు, నాలుగేళ్లలో జీతం ఇంటికి రావాలంటే మాత్రం ఈ దారి వద్దు, ల్యాబ్ టెక్నీషియన్ పని నేర్పే బీఎస్సీ ఎంఎల్‌టీ మేలు.

బైపీసీ పిల్లలు లెక్కలు వదిలేస్తారు. ఇక్కడ అదే దెబ్బ కొడుతుంది. ప్లేటులో ఉండే చిన్న చిన్న గుంటలు వందైతే ఎన్నింట్లో కణాలు పెరిగాయన్న దాన్నిబట్టి అసలు మూలకణాలెన్నో లెక్కగట్టేది స్టాటిస్టిక్స్‌తోనే. మొదటి ఏడాది నుంచే నేర్చుకోమనండి.

వారం రోజుల్లో స్టెమ్ సెల్ సర్టిఫికెట్ ఇస్తామంటూ వేలు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి కట్టొద్దు. ఆ డబ్బుతో ఎండాకాలం ఏదైనా మంచి ల్యాబ్ ఉన్న ఊళ్లో ఉండి ఇంటర్న్‌షిప్ చేసుకోవచ్చు. కాలేజీని బోర్డు చూసి ఎంచుకోకండి. కణాలు పెంచే గది ఉందా, కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ పనిచేస్తోందా, డిగ్రీ పిల్లల్ని దాన్ని ముట్టుకోనిస్తారా అని అడగండి. ఫీజు కట్టేముందు అమ్మాయినే అక్కడికి పంపి, రెండో ఏడాది చదివే పిల్లలతో ఒక గంట మాట్లాడి రమ్మనండి.