రేటు బోర్డు మార్చే ముందు

చిరంజీవి చిన్నాకు,

బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నూనె పెరిగింది, చికెన్ పెరిగింది, చీజ్ పెరిగింది, అందుకని నీ బర్గర్ కౌంటర్ మెనూ మొత్తం మీద రేట్లు ఇరవై శాతం పెంచేద్దామనుకుంటున్నానని రాశావు. కాస్త ఆగరా. పెంచొద్దని నేననను. పెంచకుండా నెట్టుకొద్దామనుకుంటే ముందు అద్దె బాకీ పడుతుంది, ఆనక జీతాలు ఆగుతాయి. అలా మూతపడ్డ కౌంటర్లు నేను చాలానే చూశాను. నేనడిగేదల్లా ఒకటే, ఆ ఇరవై ఎక్కడి నుంచి వచ్చింది? ఉత్తరమంతా వెతికినా దాని లెక్క కనబడలేదు.

మన వ్యాపారంలో వందకు అమ్మితే అందులో ముప్పై దాకా సరుకు ఖర్చు. 28కి 35కి మధ్యలో ఉంటే బండి నడుస్తుంది. మిగతాదంతా జీతాలు, అద్దె, గ్యాస్, కరెంటు, డబ్బాలు, కవర్లు. అన్నీ పోగా మిగిలితే నీ లాభం. ఇప్పుడు సరుకులన్నీ కలిపి 20 శాతం పెరిగాయే అనుకో. ముప్పై కాస్తా ముప్పై ఆరు అవుతుంది. నీకు తగిలిన దెబ్బ వందకు ఆరు. ఆ ఆరు రాబట్టుకోవడానికి ఇరవై వేస్తే, మిగతా పద్నాలుగు ఎందుకని కొనేవాడు నిన్ను నిలదీయడు. చెప్పాపెట్టకుండా రావడం మానేస్తాడు.

సరుకు ఖర్చు ఎప్పుడూ ముప్పై శాతమే ఉండాలని పట్టుబట్టేవాళ్ళున్నారు. వాళ్ళ లెక్క ప్రకారమైతే ఇరవయ్యే వేయాలి. ధరలు మండిపోతున్న రోజుల్లో ఆ పట్టుదల మంచిది కాదని నా అభిప్రాయం. ప్లేటు మీద చేతిలో మిగిలే డబ్బు మునుపటిలా ఉందా లేదా, అది చూసుకో. శాతం కాస్త అటూ ఇటూ అయినా కొంప మునగదు. జీతాలూ అద్దే కూడా పెరిగాయంటావా, వాటి లెక్క విడిగా వేసి కలుపు. అన్నిటి నెపం సరుకుల మీదికి నెట్టెయ్యకు.

ఇక అసలు పని. అమ్మే ప్రతి ఐటెమ్‌కీ ఒక కాగితం పెట్టు. బర్గర్ అయితే బన్, ప్యాటీ, చీజ్ ముక్క, ఆకు, సాస్, డబ్బా, టిష్యూ, పక్కన పడేసే కెచప్ ప్యాకెట్లు కూడా. అందరూ మర్చిపోయేది తరుగు. లెట్యూస్ పై ఆకులు తీసేశాక మిగిలే బరువుకే నీ డబ్బు పనికొచ్చింది. పచ్చి చికెన్ వేగాక పావు వంతు దాకా తగ్గుతుంది. కాబట్టి కొన్న కిలో రేటు రాసుకుంటే చాలదు, ప్లేటులో పడే బరువు మీద రేటు కట్టాలి.

ఫ్రైస్ దగ్గర మరీ జాగ్రత్త. ఒక రోజు కౌంటర్ పక్కన త్రాసు పెట్టుకుని నుంచో. వంద గ్రాముల పెట్టెలో మీ కుర్రాడి చెయ్యి జారి 115 పడుతుంటే, ఏడు పెట్టెలు అమ్మేసరికి ఒక పెట్టె ఊరికే పోయినట్టే. వాణ్ని తిట్టకు. పెట్టె నిండుగా కనబడాలని వాడి తాపత్రయం. సరైన కొలత స్కూప్ కొనిపెట్టు. రేటు పెంచక ముందే ఇలాంటివి సర్దుకుంటే, ఆ ఆరులో రెండు మూడు ఇక్కడే దొరకొచ్చు.

తర్వాత, ఏ సరుకు ఎందుకు పెరిగిందో కనుక్కో. అది తెలిస్తే ఎన్నాళ్ళకు దిగుతుందో కొంతైనా అంచనా చిక్కుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నెలనెలా ఒక ధరల సూచీ ప్రకటిస్తుంది. 2014–16 సగటు ధరలను 100గా తీసుకుని లెక్క కడతారు. 2022 మార్చిలో అది 160 దగ్గరికి చేరింది. వంటనూనెల సూచీ అయితే 250 దాకా పోయింది. పొద్దుతిరుగుడు నూనె ఎగుమతిలో మొదటి స్థానంలో ఉన్న యుక్రెయిన్ యుద్ధంలో చిక్కుకుంది. అది చాలదన్నట్టు పామాయిల్ అందరికన్నా ఎక్కువ పండించే ఇండోనేషియా ఏప్రిల్ 28న ఎగుమతులు ఆపేసి, మే 23న మళ్ళీ వదిలింది. ఏడాది తిరిగేసరికి నూనెల సూచీ ఇంచుమించు సగానికి దిగొచ్చింది. ఆ నెలల్లో భయపడి బోర్డు మీద రేటు పెంచినవాళ్ళలో, నూనె దిగాక రేటు దించినవాళ్ళు ఎంతమందుంటారు? కొనేవాళ్ళకు ఇది తెలియదనుకోకు. వాళ్ళూ ఇంటికి నూనె కొనేవాళ్ళేగా.

ఆకుకూర వరదల్లో పోతే రెండు నెలల్లో కొత్త పంట వస్తుంది. దానికోసం బోర్డు ముట్టుకోవద్దు. బ్రాయిలర్ కోడి ఆరేడు వారాల్లో ఎదుగుతుంది. గుడ్డు పెట్టే కోడి అలా కాదు, పిల్ల పుట్టి గుడ్డు పెట్టడం మొదలయ్యేసరికి నాలుగైదు నెలలు పడుతుంది. అందుకే బర్డ్ ఫ్లూ వచ్చి మందలకు మందల్ని చంపేస్తే గుడ్ల ధర అంత తొందరగా కిందికి రాదు. గొడ్డు మాంసం సంగతి ఇంకా మొండిది. ఆవు తొమ్మిది నెలలు మోయాలి, దూడ ఎదగడానికి మరో ఏడాదిన్నర పైనే. పైగా మంద పెంచుకోవాలనుకునే రైతు పెయ్యల్ని అమ్మకుండా ఉంచుకుంటాడు, దాంతో మార్కెట్లో మాంసం ఇంకా తగ్గుతుంది. 2024 జనవరిలో అమెరికాలో పశువుల సంఖ్య 8.72 కోట్లు, 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎన్నడూ లేదు. అలాంటి పెరుగుదల రెండు నెలల్లో పోదు. దాన్ని బోర్డు మీద వేయక తప్పదు. నీ సరుకుల్ని ఈ రకంగా రెండు కుప్పలు చెయ్యి, త్వరగా దిగేవి, దిగనివి. దిగేవాటి బరువు కొన్నాళ్ళు నువ్వే మొయ్యి.

మోయలేనంతైతే దాచకుండా చెప్పు. 2022లో ఆస్ట్రేలియాలో వరదలకు లెట్యూస్ అందక కేఎఫ్‌సీ వాళ్ళు క్యాబేజీ కలిపారు, కలుపుతున్నామని జనానికి చెప్పే కలిపారు. 2021 డిసెంబరు చివర్లో బంగాళాదుంప ఓడలు ఆలస్యమైతే జపాన్‌లో మెక్‌డొనాల్డ్స్ ఓ వారం పాటు చిన్న ఫ్రైస్ మాత్రమే అమ్మింది, అదీ ముందే ప్రకటించి. అంత పెద్దవాళ్ళే కౌంటర్ దగ్గర నిజం చెప్పగా లేనిది నీకేం నామోషీ? రేటు అలాగే ఉంచి లోపల ప్యాటీ పలచన చేసే పని మాత్రం చెయ్యొద్దు. నా కంటికి అది దొంగతనమే. పైగా రోజూ తినేవాడి నోటికి పది గ్రాముల తేడా కూడా తెలిసిపోతుంది.

నూనె గురించి విడిగా రాస్తున్నాను, ఎందుకంటే ధర పెరిగినప్పుడు అందరి చెయ్యీ ముందు దాని మీదే పడుతుంది. నూనె ఎక్కువ రోజులు రావాలంటే దానికి చేయాల్సినవి వేరే ఉన్నాయి. నలుసులు ఎప్పటికప్పుడు జల్లెడతో తీసెయ్యాలి, రోజూ వడకట్టాలి. ఉప్పు ఫ్రయర్ మీద చల్లకూడదు, పక్కకు తీశాకే చల్లాలి. ఫ్రీజర్ ముక్కలకు అంటుకున్న మంచు దులిపి వెయ్యాలి, నీరు నూనెను తొందరగా పాడుచేస్తుంది. వేడి 175–180 డిగ్రీల దగ్గర నిలపాలి. బుట్ట సగానికి మించి నింపితే వేడి పడిపోయి ముక్క నూనె తాగుతుంది, తినేవాడికీ చేటు, నీకూ ఖర్చు. ఇవన్నీ చేశాక కూడా నూనె నల్లబడి, నురగ వచ్చి చావకపోతే, మామూలు వేడికే పొగ వస్తుంటే, ఇక దాని పని అయిపోయిందని అర్థం. చాలా దేశాల చట్టాలు నూనెలో పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె పదే పదే కాగి చెడినప్పుడు పుట్టే పదార్థాలు, 25 శాతం దరిదాపుల్లోకి వస్తే పారబోయమంటాయి, దానికి కొలిచే మీటర్లూ దొరుకుతాయి. ఒకటి కొనుక్కో. ఇంకో పూట లాగుదామనిపించినప్పుడు నీ కౌంటర్ ముందు నిలబడ్డ చిన్నపిల్లల మొహాలు చూడు.

కొనుగోళ్ళ విషయం నీకు తెలిసిందే, ఎక్కువ చెప్పను. ఇద్దరు సప్లయర్లను ఉంచుకో, వచ్చిన సరుకు తూచి దించుకో. ఇంకా పెరుగుతుందని భయపడి చీజ్, మాంసం నిల్వ చెయ్యకు, కరెంటు పోతే అంతా పోతుంది.

నీ దగ్గర తినేది ఎవరో ఒక్కసారి ఆలోచించు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు, వండుకునే తీరిక లేనివాళ్ళు, కాలేజీ పిల్లలు. సంపాదన ఎంత తక్కువైతే అందులో తిండికి పోయే వాటా అంత ఎక్కువని ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే లెక్కలు కట్టి చూపాడు. సరుకుల ధరలు వాళ్ళకు ఇంట్లోనూ తగులుతున్నాయి, నీ కౌంటర్ దగ్గరా తగులుతాయి. అందుకని ఒక ప్లేటు, కడుపు నిండేది, రేటు మార్చకుండా ఉంచు. పెంపు మిగతావాటి మీద కొద్దికొద్దిగా సర్దు. 2024 వేసవిలో అమెరికాలో రేట్లకు జడిసి జనం తగ్గిపోతే, మెక్‌డొనాల్డ్స్ కూడా 5 డాలర్ల మీల్ పెట్టి వాళ్ళను పిలవాల్సొచ్చింది. జనం వెళ్ళాక పిలవడం కన్నా వెళ్ళకుండా చూసుకోవడం చవక.

పనివాళ్ళ జీతంలో కోత మాట మాత్రం ఎత్తకు. వాళ్ళూ అదే బజారులో కొనుక్కుంటున్నారు.

నీకు ఎక్కువ అమ్ముడయ్యే నాలుగు ఐటెమ్‌ల కాగితాలు సిద్ధం చేసి, తరుగుతో సహా, ఆదివారం లోపు నాకు పంపు. కూర్చుని ఒక్కొక్కదానికి ఎంత వేయాలో చూద్దాం. అప్పటిదాకా బోర్డు ముట్టుకోవద్దు. అమ్మను అడిగానని చెప్పు.

మీ బాబాయి