పైథాన్‌కి పాతిక వేలు కట్టాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. డిగ్రీ రెండో ఏడాది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుందామని యూట్యూబ్‌లో నాలుగైదు కోర్సులు మొదలెట్టాను, ఏదీ సగం దాటలేదు. కాకినాడలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు పాతిక వేలు అంటున్నారు. నాన్నగారికి రొయ్యల చెరువులున్నాయి కానీ అంత డబ్బు అడగాలంటే మొహమాటం. పాత ల్యాప్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్. మంచి కోర్సు ఏదో చెప్పండి.

జవాబు: అడగకండి. పైథాన్ నేర్పే మంచి పాఠాలు ఫ్రీగానే ఉన్నాయి. మీరు సగంలో ఆగిపోవడానికి కారణం కోర్సులు బాగోకపోవడం కాదనుకుంటా. వీడియో చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది, అది ఆపి ఖాళీ ఫైల్ తెరిస్తే మొదటి లైను కూడా తోచదు. అందుకని చెప్పేవాళ్లు ఎంత బాగా చెబుతున్నారన్నది తర్వాత, ముందు ఆ కోర్సు మీ చేత రాయించి, రాసింది తప్పో ఒప్పో చెబుతోందా లేదా చూడండి.

ఆ లెక్కన నా ఓటు హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల ఉచిత ఆన్‌లైన్ పైథాన్ కోర్సు సీఎస్50పీకి. డేవిడ్ మాలన్ చెబుతారు, వేగం ఎక్కువనిపిస్తే 0.75కి తగ్గించి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ప్రతి వారం లెక్కలుంటాయి, మీ కోడ్‌ని కంప్యూటరే దిద్దుతుంది, పనంతా బ్రౌజర్‌లోనే. మన యాసలో ఇంగ్లిష్ కావాలంటే ఎన్‌పీటీఎల్‌లో (ఐఐటీల వాళ్లు నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) మాధవన్ ముకుంద్ గారి కోర్సు ఉంది; చేరడం ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. కాకపోతే అది త్వరగా అల్గారిథమ్స్‌లోకి (సమస్యను అంచెలంచెలుగా పరిష్కరించే పద్ధతుల్లోకి) వెళ్లిపోతుంది కాబట్టి రెండోదిగా పెట్టుకోండి. తెలుగు వీడియోలు అర్థంకాని చోట చూడండి, కానీ ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకుండా రాస్తుంటే అది పాత వెర్షన్ పైథాన్ 2, దానికి 2020 జనవరి 1తోనే సపోర్ట్ ఆగిపోయింది, కట్టేయండి.

ఒక్క కోర్సే పట్టుకోండి. మూడు వారాలయ్యాక మీ ఇంటి లెక్క ఒకటి రాయండి: రొయ్యల కౌంటూ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య) కిలోలూ ఇస్తే ఎంత డబ్బు వస్తుందో చెప్పే ప్రోగ్రామ్. 30 కౌంట్‌కి ఇంత, 40కి ఇంత అని రేట్లన్నీ ఒక డిక్షనరీలో (పైథాన్‌లో ఒక్కో పేరుకి ఒక్కో విలువ రాసిపెట్టుకునే పట్టిక) పెడతారు, బాగానే నడుస్తుంది, తీరా చెరువు పట్టిన రోజు 37 కౌంట్ వస్తే, అది పట్టికలో లేదు కాబట్టి కీఎర్రర్ అని ఆగిపోతుంది. అప్పుడు మధ్య కౌంట్లకి రేటు ఎలా కడతారో నాన్నగారిని అడిగి, దాన్ని ఇఫ్, ఎల్‌ఇఫ్‌లతో (ఇలా అయితే ఇది, లేదంటే అది అని చెప్పే షరతులతో) రాయాలి. ఏ వీడియోలోనూ దొరకని పాఠం ఇదే. ఎర్రర్ అర్థం కాకపోతే చాట్‌జీపీటీని అడగండి, కానీ వివరించమనండి, రాసిపెట్టమనకండి (రాసిపెడుతుంది కూడా, అదే ప్రమాదం).

కోచింగ్‌కి వెళ్లాలని మరీ అనిపిస్తే ఒక క్లాసు ఊరికే కూర్చోనిస్తారా అని అడిగి, పిల్లలు టైప్ చేస్తున్నారా, బోర్డు చూసి నోట్సు రాసుకుంటున్నారా చూసి రండి. నోట్సు అయితే వెనక్కి వచ్చేయండి. గోడ మీద ‘ఉద్యోగం గ్యారంటీ’ అని ఉంటే లోపలికే వెళ్లొద్దు.

ల్యాప్‌టాప్ గురించి టెన్షన్ అక్కర్లేదు. కోడ్ రాసుకోవడానికి పైచార్మ్ లాంటి బరువైన సాఫ్ట్‌వేర్లు వేయకండి. పైథాన్‌తో పాటే వచ్చే ఐడిల్ సరిపోతుంది, నెట్ ఉంటే బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కొలాబ్.