ఎంత చదివామన్నది కాదు

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రోజూ బైబిలు అధ్యాయాలు పూర్తిచేస్తున్నా మనసుకు ఏదీ అంటడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అధ్యాయాల లెక్కను కొంతకాలం పక్కన పెట్టండి, సోదరా. 119వ కీర్తనలోని 176 వచనాలు హెబ్రీ అక్షరాల వరుసలో, 8 వచనాల చొప్పున, 22 భాగాలుగా ఉన్నాయి. రోజుకొక భాగాన్ని ఇంట్లోవారు లేవకముందే పైకి చదివి, మనసును పట్టి ఆపిన ఒక్క వచనాన్ని రాసుకుంటే, ఆఫీసు బస్సు ట్రాఫిక్‌లో ఆగినంతసేపూ దాన్నే నెమరువేసుకోవచ్చు. మొదటి కీర్తనలో ‘ధ్యానించు’ అన్నచోట ఉన్న హెబ్రీ మాటకు లోగొంతుకతో పలకడమనే అర్థం కూడా ఉంది. 119వ కీర్తన చివరి వచనంలో కీర్తనకారుడు తాను తప్పిపోయిన గొర్రెనని ఒప్పుకున్నాడు. మగవాళ్లం మనం అంతమాత్రం కూడా నోరువిప్పకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది. అందుకే ఆదివారం ఆరాధన ముగిశాక, నమ్మకస్థుడైన ఒక సంఘ సోదరునితో కూర్చుని, ఆ వారం వాక్యం మీ కోపాన్నో భయాన్నో ఎలా తాకిందో చెప్పండి.